కూత తాగిన గాలి

తెల్లారేసరికి ఆకాశం కిందికి దిగివచ్చి ఓడ మీద కూర్చుంది. దట్టమైన పొగమంచు. వెలుగు వచ్చిందని తెలుస్తోంది గానీ ఎటునుంచి వచ్చిందో తెలియడం లేదు. కిందికి దిగే ముందు కాసేపు పైన నిలబడ్డాను. ఓడ ముందుభాగం కనబడటం లేదు. సముద్రం కనబడటం లేదు. చుక్కాని గది పక్కన నిలబడ్డ మా బావ కూడా కనబడటం లేదు. అతని దగ్గు, మధ్యమధ్య ఓడ వేసే కూత మాత్రం వినబడుతున్నాయి.

మా బావ ఆ ఓడకు సరంగు. పైన పనిచేసే కళాసీలందరికీ పెద్ద. మోకులు, లంగరు, సరుకు దింపే కొక్కేలు, తుప్పు గీకడం, రంగు వేయడం అన్నీ అతని పెత్తనమే. నన్ను ఓడ ఎక్కించింది అతనే. మా అక్క పోరు పడలేక ఎక్కించానని చెప్పుకుంటాడు. కొన్నాళ్ళు అతని కింద మోకులు లాగాను. మనసంతా కింద ఇంజను గదిలో ఉండేది. చివరికి ఒకరోజు ఇంజను గదికి పెద్ద అయిన ఆయన దగ్గరకు వెళ్ళి నన్ను కిందికి తీసుకోమని అడిగాను. ఆయన్ను అందరూ పెద్దమేస్త్రి అంటారు. నా చేతులు తిప్పి చూసి, "రా" అన్నాడు. అంతే.

బావకు తలకొట్టేసినట్టయింది. "ఎండా గాలీ తగిలే పని ఇప్పిస్తే, పందికొక్కులా కన్నంలో దూరాడు చూడండి" అని అందరి ముందూ అన్నాడు. రేవు వదిలినప్పటి నుంచి నాతో మాట మానేశాడు. ఎదురుగా కూర్చున్నా సరే, ఏదైనా చెప్పాలంటే వంటాయనతో చెప్పేవాడు.

"కాస్త పక్కకు జరగమని ఆ కిందాయనతో చెప్పు."

వంటాయన నావైపు తిరిగేవాడు. "జరగమంటున్నారు."

"జరిగానని చెప్పు."

"జరిగారట."

"నాకు కళ్ళున్నాయిలే" అనేవాడు బావ. వంటాయన ఈ ఉద్యోగం చాలా శ్రద్ధగా చేసేవాడు. గరిటె పట్టుకున్నప్పుడు కూడా ఆయన మొహంలో అంత శ్రద్ధ ఉండేది కాదు.

ఆ ఉదయం మాత్రం బావ కోపం నాకు పట్టలేదు. కాలు ఒకచోట నిలవడం లేదు. ముందురోజు పెద్దమేస్త్రి, "రేపు రేవు చేరేటప్పుడు మీట నువ్వే పట్టు" అన్నాడు. ఇంజను లేపే మీట. ఇంజను గదిలో అడుగుపెట్టిన రోజు నుంచి దాన్ని తుడుస్తున్నాను గానీ లాగింది లేదు. నిద్ర పడితే ఒట్టు.

ఆ ఇంజను రెండు నిలువుల ఎత్తుంటుంది. బటను నొక్కితే తిరిగే రకం కాదు. దాన్ని కదిలించాలంటే గాలి కావాలి, మామూలు గాలి కాదు, బిగించి కూరిన గాలి. గదిలో ఒక మూల గాలి సీసా ఉంటుంది. సీసా అన్నది మా మాట. అది మనిషి పట్టేంత ఇనుప పీపా. కంప్రెసర్ దానిలోకి గాలి కూరుతుంది. మీట లాగితే ఆ గాలి ఇంజనులోకి దూకి పిస్టన్లను తోస్తుంది. కొన్ని చుట్లు తిరిగేసరికి చమురు అంటుకుంటుంది. అక్కడి నుంచి ఇంజను బతుకు ఇంజను బతుకుతుంది. సీసా మీద గడియారం లాంటి బిళ్ళ, దానిలో ఒక ముల్లు, ఒక ఎర్ర గీత. ముల్లు గీతకు పైనుంటే ఇంజను లేస్తుంది. కిందికి వస్తే లేవదు.

కంప్రెసర్ ముందురోజే చెడిపోయింది. లోపల వాల్వు పలక విరిగింది. పెద్దమేస్త్రి దాన్ని విప్పి, భాగాలన్నీ గుడ్డ మీద పరిచి, తీరిగ్గా బాగుచేసుకుంటున్నాడు. సీసా నిండుగా ఉంది కనుక ఎవరికీ తొందర లేదు. "కంప్రెసర్ విప్పాం" అని పైకి చెప్పాడు కూడా. "సరే" అన్నారు పైవాళ్ళు. పైవాళ్ళకు కిందివాళ్ళ కంప్రెసర్‌తో పనేముంది?

నేను దిగి నూనె పోయడం మొదలుపెట్టిన కాసేపటికి గంట మోగింది. చుక్కాని గదిలో కెప్టెన్ ఒక పిడి తిప్పితే, కింద మా దగ్గర గంట మోగి ఆయన ఏం కోరుతున్నాడో గంట పక్కనున్న ముల్లు చూపిస్తుంది. ముల్లు 'ఆపు' మీద నిలిచింది. ఎదురుగా చేపల పడవలు గుంపుగా అడ్డం వస్తున్నాయట. మంచులో వాటిని తొక్కకుండా నిలబడాలి. పెద్దమేస్త్రి ఇంజను ఆపాడు.

ఇంజను ఆగిన గదిలో నిలబడటం వింతగా ఉంటుంది. అప్పటిదాకా ఆ చప్పుడులో నోరు తెరిచి అరిచినా వినబడదు. ఒక్కసారిగా నీటి చుక్క పడటం కూడా వినబడుతుంది. దీపాలకు కరెంటిచ్చే చిన్న జనరేటరు ఒక్కటే అవతల గొణుగుతోంది.

అప్పుడు వినబడింది కూత.

పైన ఓడ కూస్తోంది. పొడుగ్గా, బరువుగా, చూడి ఆవు అరిచినట్టు. మంచులో ఇతర ఓడలకు మేమున్నామని తెలియడానికి వేసే కూత అది. ఆగి, మళ్ళీ కూసింది.

"రాత్రినుంచీ కూస్తూనే ఉన్నారు" అన్నాను.

పెద్దమేస్త్రి గాలి సీసా వైపు చూస్తున్నాడు. నేనూ చూశాను. పైన కూత మొదలవగానే ముల్లు వణికింది. కూత ఆగేసరికి గింజంత కిందికి దిగి ఉంది. మళ్ళీ కూత. మళ్ళీ గింజంత.

ఆయన అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "చచ్చాం రా నాయనా! కూతక్కూడా గాలి ఇక్కడినుంచే పోతుంది. రాత్రంతా మంచే కదా! కంప్రెసర్ నడుస్తున్నన్నాళ్ళూ ఎంత తాగినా తెలియలేదు. నేనూ మర్చిపోయాను, వాళ్ళూ మర్చిపోయారు."

ముల్లు ఎర్ర గీతను ఆనుకుని ఉంది.

అంతలో గంట మోగింది. గంట ముల్లు 'నెమ్మదిగా ముందుకు' మీదికి తిరిగింది.

"పట్టు" అన్నాడు పెద్దమేస్త్రి. ఆయన చమురు పంపుల దగ్గరకు పరిగెత్తాడు. నేను మీట పట్టుకున్నాను. చెయ్యి చెమటతో జారుతోంది. లాగాను. గాలి బుసకొట్టింది. ఇంజను పెద్ద ఒళ్ళు విరుచుకుంది, ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు సగంలో నిట్టూర్చి ఆగిపోయింది. ముసలి ఎద్దు ముందుకాళ్ళ మీద లేవబోయి మళ్ళీ కూలబడ్డట్టు.

ముల్లు గీత దిగిపోయింది. పైన బావ మళ్ళీ కూత వేశాడు. ఇంకా దిగింది.

పెద్దమేస్త్రి ఫోను అందుకున్నాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తరు. "అందరూ బయట నిలబడి మంచులోకి చెవులు పెట్టుంటారు. పరిగెత్తు! ముందు ఆ కూత ఆపించు. ఎంత మిగిలితే అంత."

మూడు నిచ్చెనలు ఎలా ఎక్కానో తెలియదు. తలుపు తోసేసరికి చల్లగాలి మొహాన కొట్టింది. ఎడమవైపు మంచులోంచి ఇంకొక బూర వినబడింది. మా ఓడది కాదు. దీపస్తంభం బూర. దీపస్తంభం ఉందంటే దాని కింద రాళ్ళున్నాయి. ఆ బూర అంత దగ్గరగా వినబడకూడదు. నీటి లాగుడుకు ఓడ అటే పోతోంది.

బావ చుక్కాని గది గుమ్మంలో కూత తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. లాగబోతున్నాడు.

"బావా, ఆపు!"

తల తిప్పి చూశాడు. అలవాటు పోలేదు మహానుభావుడికి. "వంటాయన ఎక్కడ? ఈయనేదో అంటున్నాడు."

"బావా, నువ్వు లాగేది తాడు కాదు, ఇంజను పీక! ఆ కూతకు పోయే గాలే ఇంజను లేపే గాలి. అయిపోయింది. ఇంజను లేవడం లేదు!"

బావ తాడు వదిలేశాడు, పాముని పట్టుకున్నట్టు. బయటనుంచి కెప్టెన్ విని లోపలికి వచ్చాడు. ఆయనకు రెండోమాట చెప్పనక్కర్లేకపోయింది. మొహంలో రంగు పోయింది గానీ గొంతు మామూలుగానే ఉంది.

"సరంగూ, లంగరు వదులు. గొలుసు ఎంతుంటే అంత. కూత బంద్. గంట కొట్టండి, చేతికేది దొరికితే అది కొట్టండి. మనమిక్కడున్నామని తెలియాలి."

బావ అప్పటికే ముందుకు పరిగెత్తాడు. అతని కేకలు మంచులో వినబడుతున్నాయి. "ఒరేయ్ బ్రేకు వదలండ్రా! పక్కకు తప్పుకోండి, కాళ్ళు పోతాయ్!" లంగరు పడింది. గొలుసు గడగడమంటూ పరిగెత్తిన చప్పుడుకు ఓడంతా అదిరింది. ఓడ గంట మోగడం మొదలైంది. వంటాయన ఒక పెద్ద డేగిసా, గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వెనకాల కళాసీలు మూతలు, బాల్చీలతో. ఆ మోత చచ్చినవాణ్ణి లేపేలా ఉంది.

"గట్టిగా కొట్టవయ్యా" అన్నాడు ఒక కళాసీ. "నీ వంట గురించి మేం అనుకునేవన్నీ గుర్తు తెచ్చుకుని కొట్టు."

"మీ ఆకలి గుర్తు తెచ్చుకుని కొడుతున్నా" అన్నాడు వంటాయన.

నేను కిందికి దూకాను.

పెద్దమేస్త్రి అప్పటికే మూలనున్న చిన్న కంప్రెసర్ మీది గుడ్డ లాగి పారేశాడు. ఇలాంటి రోజు కోసమే దాన్ని పెట్టారు. దానికి సొంతంగా ఒక చిన్న ఆయిలింజను ఉంటుంది, చేత్తో తిప్పి లేపాలి. ఎన్నాళ్ళ నుంచి తిప్పలేదో, దుమ్ము నూనెతో కలిసి బంకలా పట్టుకుపోయింది. పెద్దమేస్త్రి చమురు కొళాయి తిప్పి, గొట్టంలో గాలి బుడగలు పోయేదాకా ఆగాడు. నేను హ్యాండిల్ తగిలించాను.

మా ఊళ్ళో బావి దగ్గర అచ్చం ఇలాంటిదే ఉండేది. దాని పద్ధతి నా భుజాలకు తెలుసు. పైనున్న చిన్న మీట ఎత్తిపెట్టి తిప్పాలి, వేగం అందుకున్నాక మీట పడెయ్యాలి. హ్యాండిల్ మీద బొటనవేలు చుట్టకూడదు, మిగతా వేళ్ళతో పాటు ఒకే వైపు ఉంచాలి. ఇంజను వెనక్కి తన్నిందంటే చుట్టిన వేలు విరిగి చేతిలోకి వస్తుంది.

తిప్పాను. ఈ ఇంజను మా బావిదానికంటే చాలా బరువు. వేగం రావడం లేదు. పెద్దమేస్త్రి చెయ్యి కలిపాడు. ఆయన భుజం ఎప్పుడో జారిన భుజం. రెండు చుట్లకే మొహం తెల్లబడింది. మళ్ళీ తిప్పాను. ఒకసారి దగ్గింది. అంతే.

కాళ్ళ కింద ఇనుప పలక వణికింది. గర్ర్‌మని సాగిన చప్పుడు ఓడ పొట్ట పొడుగునా పాకింది. కాస్త ఆగి మళ్ళీ. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. లంగరు పట్టడం లేదు. అడుగున రాయి. రాతి మీద గీసుకుంటూ జారుతోంది.

అప్పుడు నిచ్చెన మీద బరువైన అడుగులు పడ్డాయి. ఎవరో తిట్టుకుంటూ దిగుతున్నారు. ముందు బూట్లు కనబడ్డాయి. తర్వాత బావ.

బావ ఆ నిచ్చెన దిగడం అంతకుముందెప్పుడూ ఎవరూ చూడలేదు. ఆ ఓడలో తల నెరిసిన మనిషి, అయినా ఇంజను గది గుమ్మం దాటి లోపల కాలు పెట్టిన పాపాన పోలేదు. వేడికి కళ్ళు చికిలించి చుట్టూ చూశాడు. 

"లంగరు వేయాల్సినంత వేశాను. ఇక పైన నేను చేసేదల్లా డేగిసా కొట్టడమే. అది వంటాయన కొడుతున్నాడు" అన్నాడు. "ఏదీ, ఏం తిప్పాలి?"

నాతోనే అన్నాడు. నా కళ్ళలోకి చూసి అన్నాడు.

హ్యాండిల్ చూపించాను. రెండు చేతులా పట్టుకున్నాడు. మోకు పట్టుకున్నట్టు, బొటనవేళ్ళు చుట్టి. ఫట్‌మని అతని చేతిమీద కొట్టాను.

"ఏంట్రా!"

"వేలు చుట్టకు. తన్నిందంటే విరుగుద్ది."

"మీ అక్క కూడా ఇంత గట్టిగా కొట్టదురా నన్ను" అంటూనే వేళ్ళు సర్దుకున్నాడు.

ఇద్దరం ఎదురెదురుగా నిలబడ్డాం. తిప్పడం మొదలుపెట్టాం. పెద్దమేస్త్రి ఆ చిన్న మీట మీద చెయ్యి వేసి కాచుకున్నాడు. ఒక చుట్టు, రెండు, వేగం అందుకుంది. "ఇప్పుడు!" అన్నాను. మీట పడింది. ఇంజను దగ్గి, వెనక్కి తన్నింది. హ్యాండిల్ మా చేతుల్లోంచి ఊడి గిర్రున వెనక్కి తిరిగి గోడకు కొట్టుకుంది. బావ తన బొటనవేళ్ళ వైపు చూసుకున్నాడు. రెండూ ఉన్నాయి. హ్యాండిల్ తీసుకొచ్చి తనే తగిలించాడు.

మళ్ళీ. "హైసా" అన్నాడు బావ, మోకులు లాగేటప్పుడు అనేలాగే. నేనూ "హైసా" అన్నాను. ఆ అరుపుకు మా చేతులు కలిశాయి. ఒకే అరుపుకు ఇద్దరం ఎన్ని మోకులు లాగలేదు! హ్యాండిల్ తేలికయినట్టనిపించింది. "ఇప్పుడు!" మీట పడింది. ఇంజను ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. గొట్టంలోంచి నల్లటి పొగ ముద్ద వచ్చింది. తర్వాత డుగ్... డుగ్... డుగ్డుగ్డుగ్.

"లేచింది! లేచిందిరా!" బావ నా వీపు మీద ఒక్కటేశాడు, పళ్ళు కదిలేలా.

పెద్దమేస్త్రి కంప్రెసర్ కలిపాడు. అందరం సీసా దగ్గరకు చేరాం. ముల్లు కదల్లేదు. కదల్లేదు. తర్వాత, చీమ పాకినట్టు, కదిలింది.

మళ్ళీ గర్ర్‌మంది కింద. ఈసారి చాలాసేపు.

ఫోను మోగింది. పెద్దమేస్త్రి ఎత్తాడు. కెప్టెన్ గొంతు నాకూ వినబడింది. "రాళ్ళ మీద నురగ కనబడుతోంది. ఎంతసేపు?"

"ముల్లు గీత దాటాలి."

"ఇప్పుడు ప్రయత్నించలేవా?"

"ప్రయత్నిస్తే ఉన్నది పోతుంది. ఆగాలి." ఫోను పెట్టేశాడు. "ఒక్కసారే" అన్నాడు మాతో. "రెండోసారికి గాలీ ఉండదు, సమయమూ ఉండదు."

బావ ముల్లు ముందు గొంతుక్కూర్చున్నాడు. మొక్కజొన్న కంకి కాలుతుంటే చూసే పిల్లాడిలా దానికేసి చూస్తున్నాడు. "ఎక్కవే తల్లీ, ఎక్కు. ఏం తిని పుట్టావే, ఇంత నెమ్మదిగా ఉన్నావు! ఎక్కు, నా బంగారు కొండవు కదూ. మా బావమరిది కంటే మొండిదానివే!"

"నీకంటేనా?" అన్నాను.

"నోర్మూసుకుని ముల్లు చూడు."

ముల్లు గీతను తాకింది. నా చెయ్యి మీట మీదికి పోయింది. పెద్దమేస్త్రి తల అడ్డంగా ఊపాడు. ఇందాక గీత మీద ఉండగా లాగి చూశాం కదా. ఇంకా పైకి రావాలి. కాళ్ళ కింద పలక వణుకుతూనే ఉంది. ఇప్పుడు గొలుసు ఆగి ఆగి జారడం లేదు, ఏకధాటిగా జారుతోంది. భయమా అంటే భయమే. కానీ ఒళ్ళంతా ఏదో వెలిగినట్టు కూడా ఉంది. ఆ నిమిషంలో నన్ను ఎవరైనా వచ్చి పైకి రమ్మని పిలిస్తే వెళ్ళేవాణ్ణి కాదు.

ముల్లు గీత దాటింది. గీతకూ ముల్లుకూ మధ్య సన్నటి తెల్లటి సందు కనబడింది.

"లాగు!" అన్నాడు పెద్దమేస్త్రి.

లాగాను.

గాలి బుసకొట్టింది. ఇంజను ఒళ్ళు విరిచింది. ఒక చుట్టు. రెండో చుట్టు, ఇందాక ఆగిన చోటు, దాటింది. మూడు. ముల్లు కూలిపోతోంది. మీట పట్టుకునే ఉన్నాను. ఒక పిస్టన్ దగ్గర ధడ్‌మంది. దాని పక్కది అందుకుంది. ధడ్, ధడ్. "చమురు!" అని అరిచాడు పెద్దమేస్త్రి. మీట చమురు వైపు తిప్పాను. ఇంజను ఊపిరి పీల్చుకుని గర్జించింది. గది మొత్తం నిండిపోయింది ఆ చప్పుడుతో. ఇక ఎవరి మాటా ఎవరికీ వినబడదు.

బావ నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. ఏమంటున్నాడో తెలియదు. చేతులు పైకెత్తి ఎగురుతున్నాడు. అంత పెద్ద మనిషి, ఆ ఇనుప పలకల మీద. పెద్దమేస్త్రి జనరేటరుకు ఆనుకుని నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. గంట ముల్లు గిర్రున తిరిగి 'పూర్తి వేగం' మీద పడింది. ఓడ కదిలింది. అది కాళ్ళకు తెలుస్తుంది. పడుకున్న పశువు లేచి నిలబడ్డాక మొదటి అడుగు వేసినట్టు.

బావకు లంగరు గుర్తొచ్చింది. ఓడ ముందుకు పోతుంటే గొలుసు ఎత్తాలి. నిచ్చెన వైపు పరిగెత్తి, సగం ఎక్కి, వంగి, నావైపు వేలు చూపించి ఏదో అన్నాడు. ఆ మాటా వినబడలేదు. తల ఊపాను.

నేను మీట వదలలేదు. గంట మోగిన ప్రతిసారీ పెద్దమేస్త్రి నావైపు చూసేవాడు, నేను గంట చెప్పినట్టు చేసేవాణ్ణి. కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ. చిన్న కంప్రెసర్ మూలన డుగ్‌డుగ్‌మంటూ సీసా నింపుతూనే ఉంది. పైన ఏం జరిగిందో తర్వాత కళాసీలు చెప్పారు. లంగరు పైకి వచ్చేసరికి దీపస్తంభం గోడ మీద మనుషులు కనబడ్డారట. వాళ్ళు తువ్వాళ్ళు ఊపారట. వంటాయన డేగిసా ఊపాడట.

లోతు నీళ్ళకు వచ్చాక మంచు విడిపోయింది. కెప్టెన్ అక్కడే లంగరు వేయించి, ఇంజను ఆపమన్నాడు. రేవు సంగతి తర్వాత, ముందు పెద్ద కంప్రెసర్ బాగుపడాలి. పెద్దమేస్త్రి నా చేతిని మీట మీది నుంచి తనే తీశాడు. వేళ్ళు తెరుచుకోవడానికి కాసేపు పట్టింది.

"రేపటినుంచి అది నీ చోటు" అన్నాడు.

పైకి వచ్చేసరికి ఎండ. భోజనాల గదిలో అందరూ చేరుతున్నారు. ఎప్పుడూ విడిగా తినే కెప్టెన్ కూడా వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. బావ నా పక్కన కూర్చున్నాడు. మోచేతుల దాకా నల్లటి నూనె. ఎంత కడిగినా అది పోదు, ఆ సంగతి నేను చెప్పలేదు. వంటాయన అన్నం, కూర వడ్డించి, తన పళ్ళెం కూడా తెచ్చుకుని కూర్చున్నాడు. అరిచి అరిచి అందరి గొంతులూ పోయి ఉన్నాయి.

బావ అన్నంలో చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. అరచెయ్యి చూశాను. హ్యాండిల్ తగిలిన చోటల్లా తోలు ఊడి ఎర్రగా ఉంది. నేను అతని పళ్ళెం దగ్గరకు లాక్కుని, అన్నం కూరతో కలిపి, ముద్దలు చేసి, ఒక్కొక్కటి పళ్ళెం అంచున పెట్టాను. పళ్ళెం మళ్ళీ అతని ముందుకు జరిపాను. బావ వేళ్ళ కొసలతో ఒక ముద్ద తీసుకున్నాడు. తర్వాత ఇంకొకటి. నేను నా పళ్ళెం అందుకున్నాను. కిటికీలోంచి పడిన ఎండ బల్ల మీద అటూ ఇటూ మెల్లగా ఊగుతోంది. అందరం తిన్నాం.